చీటీ మీది పొడి అక్షరాలు

ఈ నెల శీర్షికకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. డాక్టరు రాసిచ్చిన చీటీలోను, ల్యాబు రిపోర్టులోను, డిశ్చార్జి సమ్మరీలోను కనిపించే పొడి అక్షరాలకు అర్థం ఏమిటన్నదే అందరి ప్రశ్న. ఒకరి సందేహం మరొకరి సందేహంతో ముడిపడి ఉన్నందువల్ల అన్నిటికీ ఇక్కడే సమాధానం ఇస్తున్నాను. కొందరు కోరినందువల్ల ఎవరి పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. జ్వరం, ఒళ్లు నొప్పులతో ఉన్న మా నాన్నగారికి ఇచ్చిన చీటీలో ఒక మాత్ర పక్కన 'బి.డి.' అని, ఇంకోదాని పక్కన 'టి.డి.ఎస్.' అని, మూడోదాని పక్కన 'ఎస్.ఓ.ఎస్.' అని రాశారు. ఎస్.ఓ.ఎస్. అంటే ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే వేసేదేమోనని మేము దాని జోలికి పోలేదు. ఆ రాత్రంతా ఆయన జ్వరంతో అల్లాడిపోయారు. చీటీ చివర '5/7' అనే భిన్నం కూడా ఉంది. వీటి అర్థం చెప్పగలరా?

సమాధానం: ఓడలు ప్రమాదంలో పంపే సంకేతానికీ చీటీలోని ఎస్.ఓ.ఎస్.కూ ఏ సంబంధమూ లేదండీ. మందుల చీటీల్లోని పొడి అక్షరాల్లో చాలా వరకు లాటిన్ భాష నుంచి వచ్చినవి. ఎస్.ఓ.ఎస్. అంటే 'అవసరమైతే' అని మాత్రమే అర్థం. దీన్నే కొందరు పి.ఆర్.ఎన్. అని రాస్తారు. జ్వరం వచ్చినప్పుడు, నొప్పి పుట్టినప్పుడు, వాంతి అయినప్పుడు వేసుకుని, ఆ బాధ లేనప్పుడు మానేయవలసిన మందుకు ఈ గుర్తు పెడతారు. మీ నాన్నగారికి రాసినది బహుశా జ్వరం మాత్రే అయి ఉంటుంది. అయితే ఈ మూడు అక్షరాలు విషయాన్ని సగమే చెబుతాయి. ఏ బాధకు వేసుకోవాలి, ఒకసారి వేసుకున్నాక మళ్లీ వేసుకోవడానికి ఎన్ని గంటలు ఆగాలి, రోజు మొత్తం మీద ఎన్నింటికి మించకూడదు అనే మూడు సంగతులూ అడిగి తెలుసుకోనిదే ఎస్.ఓ.ఎస్. మందును ఇంటికి తీసుకువెళ్లకూడదని నా అభిప్రాయం. ఉదాహరణకు పారాసిటమాల్‌నే తీసుకుందాం. పెద్దవారు ఒక మోతాదుకూ ఇంకో మోతాదుకూ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉంచాలి, ఇరవై నాలుగు గంటల్లో మొత్తం 4 గ్రాములు దాటకూడదు. కాలేయ వ్యాధి ఉన్నవారికీ, బాగా బరువు తక్కువగా ఉన్న వృద్ధులకూ ఆ హద్దు ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఇదే మందు కలిసి ఉంటుంది కనుక, రెండూ వేసుకునేవారు తమకు తెలియకుండానే ఆ హద్దు దాటే ప్రమాదం ఉంది.

మిగిలినవి తేలిక. ఓ.డి. అంటే రోజుకు ఒకసారి, బి.డి. లేదా బి.ఐ.డి. అంటే రెండుసార్లు, టి.డి.ఎస్. లేదా టి.ఐ.డి. అంటే మూడుసార్లు, క్యూ.ఐ.డి. అంటే నాలుగుసార్లు. హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు, ఎ.సి. అంటే భోజనానికి ముందు, పి.సి. అంటే భోజనం తర్వాత, స్టాట్ అంటే తక్షణం, ఒక్క మోతాదు. కొందరు డాక్టర్లు అక్షరాలకు బదులు 1-0-1 అని అంకెలు వేస్తారు. ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని దాని అర్థం. ఏ పూట ఏమిటో విడిగా కనిపిస్తుంది కాబట్టి నాకు అక్షరాల కంటే ఈ పద్ధతే నచ్చుతుంది. పైగా చదువు రానివారికి కూడా దీన్ని ఒక్కసారి చూపిస్తే గుర్తుంటుంది.

'5/7' భిన్నం కాదు. కింద ఉన్న 7 వారంలోని రోజులను సూచిస్తుంది, పైన ఉన్న 5 ఎన్ని రోజులో చెబుతుంది. అంటే మందు ఐదు రోజులు వాడాలన్నమాట. ఇదే లెక్కన ఏడాదిలోని 52 వారాలను బట్టి 2/52 అంటే రెండు వారాలు, 12 నెలలను బట్టి 3/12 అంటే మూడు నెలలు. దీన్ని తేదీగా పొరబడి జూలై ఐదున మళ్లీ రమ్మన్నారనుకున్నవాళ్లూ ఉన్నారు.

రోజుకు రెండుసార్లు అన్నప్పుడు సుమారు పన్నెండు గంటల ఎడం ఉండాలి. ఉదయం పదకొండింటికి ఒకటి, సాయంత్రం ఐదింటికి ఒకటి వేసుకుంటే లెక్క సరిపోయినట్టు కనిపిస్తుంది గాని, రాత్రి పొడవునా ఒంట్లో మందు మోతాదు తగ్గిపోతుంది. మూడుసార్లు అన్నచోట చాలా మందులకు మెలకువగా ఉన్న సమయాన్ని మూడు భాగాలు చేసుకుంటే చాలు. నిద్ర లేపి మరీ వేయవలసిన మందైతే 'ఎనిమిది గంటలకోసారి' అని డాక్టరు విడిగా చెబుతారు. చెప్పకపోతే, ముఖ్యంగా యాంటీబయాటిక్ విషయంలో, అడగండి.

ప్రశ్న: కంటి డాక్టరు గారు చుక్కల మందుకు 'ఓ.డి.' అని రాశారు. రోజుకు ఒకసారే కదా అని రెండు కళ్లలోనూ ఒక్కొక్క చుక్క వేసుకుంటున్నాను. మందుల షాపులో మాత్రం రోజుకు నాలుగుసార్లు వేసుకోమన్నారు. ఎవరి మాట సరి?

సమాధానం: షాపువారు చెప్పిందే సరి అయి ఉండవచ్చు. కంటి వైద్యంలో ఓ.డి. అంటే కుడి కన్ను, ఓ.ఎస్. అంటే ఎడమ కన్ను, ఓ.యు. అంటే రెండు కళ్లూ. మాత్రకు 'రోజుకు ఒకసారి' అని అర్థమిచ్చే అక్షరాలే చుక్కల మందు పక్కన 'కుడి కంటిలో' అని అర్థమిస్తున్నాయి. ఎన్నిసార్లు అన్నది అదే వరుసలో మరోచోట, క్యూ.ఐ.డి. అనో, '4 సార్లు' అనో ఉండాలి. చీటీ మళ్లీ ఒకసారి చూడండి. అది కనిపించకపోతే ఊహించి వేసుకోవద్దు, ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి ఏ కంటికి, ఎన్నిసార్లు, ఎన్నాళ్లు అని అడగండి. ఆపరేషన్ తర్వాత వేసే స్టిరాయిడ్ చుక్కలైతే రోజులు గడిచేకొద్దీ ఎన్నిసార్లు వేయాలన్నది తగ్గిస్తూ రావడం కూడా ఉంటుంది.

ప్రశ్న: మా అత్తగారికి మాత్రలు మింగడం కష్టం. అందువల్ల అన్నిటినీ పొడి చేసి నీళ్లలో కలిపి ఇస్తున్నాం. మాత్రల పేర్ల చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., డి.టి. అని ఉన్న అక్షరాలు కంపెనీ గుర్తులా, లేక వాటికి వేరే అర్థం ఉందా?

సమాధానం: ఈ ప్రశ్న అడిగి మంచి పని చేశారమ్మా. పేరు చివరనున్న ఆ రెండు అక్షరాలు ఒక్కోసారి పేరుకంటే ముఖ్యం. ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్., సి.ఆర్. వంటివన్నీ ఇంచుమించు ఒకే సంగతి చెబుతాయి: ఈ మాత్రలోని మందు ఒక్కసారిగా కాకుండా గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలవుతుంది. పన్నెండు గంటలకో ఇరవై నాలుగు గంటలకో సరిపడే మందు అందులో నిండి ఉంటుంది. దాన్ని పొడి చేస్తే ఆ ఏర్పాటు చెడి, రోజంతటి మోతాదు ఒక్కసారే రక్తంలోకి చేరుతుంది. బి.పి. మందైతే రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు, నొప్పికి వాడే ఓపియాయిడ్ మందైతే ఊపిరి మందగించి ప్రాణాపాయం కలగవచ్చు. కాబట్టి ఈ అక్షరాలున్న వేటినీ పొడి చేయకండి. కొన్నిటికి మధ్యలో గీత ఉంటుంది. ఆ గీత మీద రెండుగా విరవడానికి కంపెనీ అనుమతించినా, నలపడానికి అనుమతి ఉన్నట్టు కాదు.

ఇ.సి. అన్నది వేరే రకం. ఆ మాత్ర మీది పూత జీర్ణాశయంలో కరగకుండా పేగుల్లోకి వెళ్లాక కరుగుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం నుంచి మందును కాపాడటానికో, మందు నుంచి జీర్ణాశయపు గోడను కాపాడటానికో ఆ పూత వేస్తారు కాబట్టి దీన్ని కూడా నలపకూడదు. మీరు రాసినవాటిలో డి.టి. ఒక్కటే నీళ్లలో కరిగించి ఇవ్వడానికే తయారైన మాత్ర. దానితో బెంగ లేదు. ఎం.డి. అని ఉంటే నాలుక మీదే కరిగిపోయేది. మీరు చేయవలసిందల్లా, మింగలేని ఇబ్బంది సంగతి డాక్టరుకు చెప్పి, ఎస్.ఆర్. మాత్ర స్థానంలో సిరప్‌నో, రోజుకు రెండు మూడుసార్లు వేసుకునే మామూలు మాత్రనో రాయించుకోవడం. మాత్రలు మింగడం కష్టమవుతోందన్న విషయాన్ని కూడా వయసు మీద పడటం కింద కొట్టిపారేయకుండా ఒకసారి చూపించండి.

ఇదే సందర్భంలో మరో పాఠకుడు, మధుమేహానికి వాడే ఎక్స్.ఆర్. మాత్ర విసర్జనలో చెక్కుచెదరకుండా కనిపిస్తోందనీ, మందు ఒంటికి పట్టడం లేదేమోననీ రాశారు. కొన్ని ఇటువంటి మాత్రల్లో మందు అంతా బయటికి వచ్చేశాక ఖాళీ డొల్ల మాత్రమే అలా బయటపడుతుంది. చక్కెర అదుపులో ఉన్నంతవరకు దాని గురించి చింత అక్కరలేదు.

ఫోర్ట్, ప్లస్, ఎల్.ఎస్., డి వంటి తోకల సంగతి మాత్రం ఇలా చెప్పలేను. వాటిని ఒక్కో కంపెనీ ఒక్కో అర్థంలో వాడుతుంది. 'డి' ఒక మందులో వాంతులు తగ్గించే డోంపెరిడాన్ కావచ్చు, మరో మందులో ఇంకేదైనా కావచ్చు. వాటికి పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే మందుల అసలు పేర్లే ఆధారం.

ప్రశ్న: ఏడాదికోసారి చేయించుకునే పరీక్షల్లో ఈసారి నాలుగు చోట్ల 'హెచ్' అని, రెండు చోట్ల 'ఎల్' అని వచ్చింది. మా కుటుంబ డాక్టరు గారు రిపోర్టు చూసి 'ఏమీ లేదు' అన్నారు. ఆరు చోట్ల తేడా ఉంటే ఏమీ లేదని ఎలా అంటారు? సి.బి.సి., ఎస్.జి.పి.టి., టి.ఎస్.హెచ్., హెచ్‌బి ఏ1సి అనేవాటికి కూడా కాస్త వివరణ ఇవ్వండి.

సమాధానం: మీ డాక్టరు గారిని అనుమానించే ముందు ఆ 'హెచ్', 'ఎల్' అక్షరాలు ఎక్కడి నుంచి వస్తాయో చూద్దాం. హెచ్ అంటే హద్దుకంటే ఎక్కువ, ఎల్ అంటే తక్కువ. ఆ హద్దులను చాలా పరీక్షలకు ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించి, వారిలో మధ్యనున్న 95 శాతం మంది అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చూసి నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేనివారిలో కూడా ప్రతి ఇరవై మందిలో ఒకరి అంకె హద్దు బయట పడుతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు ఒక ఆరోగ్యవంతుడికి చేయిస్తే, కనీసం ఒకదానిలోనైనా ఈ అక్షరం కనిపించే అవకాశం 64 శాతం. అక్షరాన్ని యంత్రమే ముద్రిస్తుంది. హద్దుకు ఒక చుక్క దాటినా, పదింతలు దాటినా అది వేసేది అదే 'హెచ్'. డాక్టరు చూసేది ఆ అంకె హద్దుకు ఎంత దూరంలో ఉంది, పోయిన ఏడాది ఎంత ఉంది, దానికి తోడుగా మారవలసిన మిగతా అంకెలు మారాయా లేదా అన్నది. కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి, ప్రతిసారీ వెంట తీసుకువెళ్లండి. ఇక మీ ఆరింటిలో ఏది ఎంత దూరం పోయిందో రాయలేదు కనుక వాటి గురించి నేను విడిగా ఏమీ చెప్పలేను.

సి.బి.సి. అంటే రక్తకణాల పూర్తి లెక్క. ఇందులో హెచ్‌బి అంటే హిమోగ్లోబిన్, టి.ఎల్.సి. లేదా డబ్ల్యు.బి.సి. అంటే తెల్ల కణాల మొత్తం, డి.సి. అంటే ఆ తెల్ల కణాల్లో ఏ రకం ఎంత శాతం అన్నది. ఈ శాతాల దగ్గరే ఎక్కువమంది కంగారు పడతారు. ఒక రకం కణాల శాతం పెరిగితే, వాటి అసలు సంఖ్యలో ఏ మార్పూ లేకపోయినా, మిగతావాటి శాతం తగ్గక తప్పదు కదా. కనుక శాతం పక్కన ఎల్ కనిపించినప్పుడు కింద ఆబ్సల్యూట్ కౌంట్ అనే వరుసలో అసలు సంఖ్య ఎంత ఉందో చూడాలి. ఎం.సి.వి. అనేది ఎర్రకణం సగటు పరిమాణం. హిమోగ్లోబిన్ తగ్గినప్పుడు కణాలు చిన్నవిగా ఉంటే ఇనుము లోపమో తలసీమియా లక్షణమో, పెద్దవిగా ఉంటే బి12 లేదా ఫోలిక్ ఆమ్లం లోపమో ఉండవచ్చన్న దారి చూపిస్తుంది. ఇ.ఎస్.ఆర్. అంటే ఎర్రకణాలు గొట్టంలో అడుగుకు దిగే వేగం. అది పెరిగితే ఒంట్లో ఎక్కడో వాపు లాంటిది ఉందని మాత్రమే తెలుస్తుంది, ఎక్కడ, ఎందువల్ల అన్నది తెలియదు. గర్భంలోను, వయసు పెరిగేకొద్దీ, రక్తహీనతలోను కూడా అది పెరుగుతుంది.

ఎస్.జి.పి.టి., ఎ.ఎల్.టి. రెండూ రక్తంలో కొలిచే ఒకే ఎంజైముకు పాత పేరు, కొత్త పేరు. అలాగే ఎస్.జి.ఓ.టి. అనే మరో ఎంజైముకు కొత్త పేరు ఎ.ఎస్.టి. ఒక ల్యాబులో పాత పేరుతోను, మరో ల్యాబులో కొత్త పేరుతోను వచ్చిన రిపోర్టులు చూసి, కిందటిసారి చేయించిన పరీక్ష ఈసారి చేయలేదని పొరబడవద్దు. వీటిలో ఎ.ఎల్.టి. ఎక్కువగా కాలేయానికి సంబంధించినది. ఎ.ఎస్.టి. కండరాల్లోను, గుండెలోను కూడా ఉంటుంది కాబట్టి అలవాటు లేని బరువులెత్తే వ్యాయామం చేసిన మర్నాడు పెరిగినా ఆశ్చర్యపోనక్కరలేదు.

టి.ఎస్.హెచ్. అందరినీ తికమక పెడుతుంది. అది థైరాయిడ్ గ్రంథి తయారుచేసేది కాదు, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే ఆజ్ఞ గట్టిగా వెళుతుంది. అందువల్ల టి.ఎస్.హెచ్. పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ పని తగ్గిందని అర్థం. చాలా ల్యాబుల్లో దీని హద్దు ఇంచుమించు 0.4 నుంచి 4 వరకు ఉంటుంది. మాత్ర వాడుతున్నవారు టి.ఎస్.హెచ్. పక్కన హెచ్ చూసి 'మందు ఎక్కువైంది' అని సొంతంగా తగ్గించుకుంటే సరిగ్గా వ్యతిరేక దిశలో వెళుతున్నట్టే.

హెచ్‌బి ఏ1సి పేరులో హెచ్‌బి ఉన్నా అది రక్తహీనతకు చేసే పరీక్ష కాదు. గడచిన రెండు మూడు నెలల్లో చక్కెర సగటున ఎలా ఉందో చెబుతుంది. 5.7 శాతంలోపు మామూలు, 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముందు దశ, 6.5 ఆపైన మధుమేహం. పరగడుపున చూసే ఎఫ్.బి.ఎస్. ఆ ఉదయం సంగతి చెబుతుంది. అందువల్ల పరీక్షకు ముందు నాలుగు రోజులు నోరు కట్టుకుంటే ఎఫ్.బి.ఎస్. బాగుండవచ్చు గాని ఏ1సి పెద్దగా మారదు. అయితే రక్తహీనత ఉన్నవారిలోను, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలోను ఏ1సి అంకె నమ్మదగినది కాకపోవచ్చు. వేరే దేశంలో చేయించిన రిపోర్టులో చక్కెర 7 అని చూసి భయపడేవారికి ఒక మాట: అక్కడి కొలమానం మిల్లీమోల్ కావచ్చు, దాన్ని 18తో గుణిస్తే మనకు అలవాటైన మిల్లీగ్రాముల లెక్క, అంటే 126 వస్తుంది.

ప్రశ్న: మా తమ్ముడి ఛాతీ ఎక్స్‌రే చీటీ మీద 'ఆర్/ఓ టి.బి.' అని రాసి ఉంది. టి.బి. ఉందని తేలిందన్న భయంతో ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. రిపోర్టులో మాత్రం 'ఎన్.ఎ.డి.' అని వచ్చింది. ఏది నమ్మాలి?

సమాధానం: రెండింటికీ వైరుధ్యం లేదు. ఆర్/ఓ అంటే రూల్ అవుట్: ఈ జబ్బు ఉందేమో చూసి, లేకపోతే లేదని తేల్చుకోవాలి అని. పరీక్ష చేయించడానికి కారణంగా డాక్టరు రాసుకున్న సందేహం అది, నిర్ధారణ కాదు. జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం పెట్టినా అదే అర్థం. ఎన్.ఎ.డి. అంటే అసాధారణమైనదేదీ కనబడలేదని. రిపోర్టులో 'అన్‌రిమార్కబుల్' (చెప్పుకోదగ్గ తేడా లేదు) అన్నా, 'డబ్ల్యు.ఎన్.ఎల్.' (మామూలు హద్దుల్లోనే ఉంది) అన్నా ఇటువంటి మంచి వార్తలే. అయినా దగ్గు రెండు వారాలకు మించి ఉంటే ఎక్స్‌రేతో ఆగకుండా కఫం పరీక్ష కూడా చేయించమని డాక్టరు చెప్పవచ్చు. చెబితే తప్పక చేయించండి.

రిపోర్టుల చివర 'క్లినికల్ కోరిలేషన్' సూచించడమైనదని రాయడం చూసి, రేడియాలజిస్టుకే అర్థం కాలేదని అనుకునేవారున్నారు. బొమ్మలో కనిపించినదాన్ని మనిషిలో కనిపించే లక్షణాలతో కలిపి చూసుకోమని చికిత్స చేసే డాక్టరుకు చెప్పే మాట అది. అయితే కొందరు దీన్ని ప్రతి రిపోర్టు చివరా అలవాటుగా అతికిస్తారన్నది కూడా నిజం.

ప్రశ్న: మా మామయ్య గారి డిశ్చార్జి సమ్మరీలోని ఒక పేరా ఉన్నదున్నట్టు పంపుతున్నాను: '58/ఎం, కె/సి/ఓ టి2డిఎం, హెచ్‌టిఎన్. సి/ఓ ఎస్ఓబి 3/7. నో హెచ్/ఓ సిపి. ఓ/ఇ బిపి 150/90, ఎస్‌పిఓ2 92% ఆర్‌ఎ. ఇ.ఎఫ్. 45%.' ఇ.ఎఫ్. 45 శాతం అంటే ఆయన గుండె సగానికి పైగా పాడైపోయినట్టేనా? ఆర్‌ఎ అంటే కీళ్ల జబ్బు అని ఒకరు చెప్పారు. ఆయనకు కీళ్ల నొప్పులు లేవు.

సమాధానం: ముందుగా ఈ పేరాను మామూలు మాటల్లోకి మారుద్దాం. 58 ఏళ్ల పురుషుడు. టైప్ 2 మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నట్టు ఇదివరకే తెలిసినవారు. మూడు రోజులుగా ఆయాసం అని చెప్పారు. ఛాతీ నొప్పి వచ్చిన చరిత్ర లేదు. పరీక్షించి చూస్తే రక్తపోటు 150/90, బయటి నుంచి ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి పీల్చుకుంటున్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ 92 శాతం. గుండె ఒక్కో కొట్టుకోలులో బయటికి పంపుతున్న రక్తం 45 శాతం.

ఇప్పుడు ఇ.ఎఫ్. సంగతి. గుండె ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఎంత శాతాన్ని ఒక్కో ముడుచుకోలులో బయటికి తోస్తుందో చెప్పే అంకె అది. ఎంతటి బలమైన గుండె అయినా నిండినదంతా తోసేయదు. మామూలుగా ఉండేది 55 నుంచి 70 వరకు. కాబట్టి 45ను నూటితో కాక ఆ అంకెతో పోల్చాలి; అలా చూస్తే ఆయనకు తగ్గింది కొద్దిగా మాత్రమే. మందులతో ఈ అంకె చాలామందిలో మెరుగుపడుతుంది కూడా. నూటికి నలభై ఐదు మార్కులు వచ్చినట్టుగా దీన్ని చదివి, ఇంటిల్లిపాదీ కుంగిపోవడం నేను తరచుగా చూస్తుంటాను.

ఆర్‌ఎ విషయంలో మీకు అర్థం చెప్పినవారు తప్పు చెప్పలేదు, తప్పుచోట చెప్పారు. కీళ్ల వైద్యుడి కాగితం మీద ఆర్‌ఎ అంటే రుమటాయిడ్ ఆర్త్రైటిస్. గుండె ఎకో రిపోర్టులో అదే ఆర్‌ఎ అంటే కుడి కర్ణిక. ఆక్సిజన్ అంకె పక్కన ఉంటే రూమ్ ఎయిర్, అంటే గదిలోని గాలి. ఇదే విధంగా సిపి మీ మామయ్య గారి కాగితంలో ఛాతీ నొప్పి, పిల్లల నరాల వైద్యుడి కాగితంలో సెరిబ్రల్ పాల్సీ. ఎంఎస్ అంటే ఎకోలో గుండె కవాటం ఇరుకుదనం, నరాల విభాగంలో మల్టిపుల్ స్క్లిరోసిస్. అందువల్ల పొడి అక్షరాలను విడిగా ఏరి వెతుక్కోవడం కన్నా, అవి ఏ విభాగం కాగితంలో, ఏ మాట పక్కన, ఏ అంకె పక్కన ఉన్నాయో చూడటం ముఖ్యం. వరుస మొత్తం ఎవరికైనా చూపించి అడగండి గాని, అక్షరాలు మాత్రమే ఫోన్‌లో చెప్పి అడగవద్దు.

మీరు అడగకపోయినా, ఇలాంటి సమ్మరీల్లో కనిపించే రెండు మాటల గురించి చెప్పాలి. చాలామంది 'అక్యూట్' అంటే తీవ్రమైనదని, 'క్రానిక్' అంటే ముదిరిపోయినదని అనుకుంటారు. ఈ రెండూ కాలాన్ని చెప్పే మాటలు: హఠాత్తుగా మొదలైనది అక్యూట్, నెలల తరబడి ఉన్నది క్రానిక్. మామూలు జలుబు కూడా అక్యూటే.

ప్రశ్న: ఇన్ని ఇబ్బందులున్నప్పుడు డాక్టర్లు పూర్తిగా ఎందుకు రాయరు? ఈ పొడి అక్షరాల వల్ల నిజంగా ప్రమాదాలు జరుగుతాయా?

సమాధానం: జరుగుతాయి. సమయం లేకపోవడం, విద్యార్థి దశలో పడిన అలవాటు, ఇవి తప్ప పెద్ద కారణాలేవీ లేవు. నా వృత్తిని వెనకేసుకురావడానికి కూడా నాకు మనసు ఒప్పడం లేదు. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే అమెరికా సంస్థ జాయింట్ కమిషన్ 2004లోనే వాడకూడని పొడి అక్షరాల జాబితా ఒకటి అమల్లోకి తెచ్చింది. అందులో మొదట కనిపించేది యూనిట్లకు బదులు రాసే ఒంటి 'యు'. ఇన్సులిన్ 10 పక్కన చేతిరాతతో 'యు' రాస్తే అది సున్నాలాగా కనబడి 100 అయిపోతుంది. రోజుకు ఒకసారి అనే క్యూ.డి. మధ్యలో చుక్క కాస్త సాగితే నాలుగుసార్లు అనే క్యూ.ఐ.డి. అవుతుంది. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అని, సున్నా లేకుండా .5 అని రాస్తే 5 అని చదువుతారు. అందుకే పూర్ణాంకం తర్వాత చుక్క, సున్నా పెట్టకూడదు, భిన్నానికి ముందు సున్నా తప్పక పెట్టాలి. మైక్రోగ్రాము, మిల్లీగ్రాముల మధ్య వెయ్యిరెట్ల తేడా ఉంది. థైరాయిడ్ మాత్రలు మైక్రోగ్రాముల్లో ఉంటాయి కాబట్టి ఆ మాటను పొడి అక్షరాలతో కాక పూర్తిగా రాయించుకోవడం మంచిది.

అన్నిటికంటే నేను భయపడేది మెథోట్రెక్సేట్ విషయంలో. కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కూ ఈ మందును వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని, నోటినిండా పుండ్లు పడి, ప్రాణం పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో పదే పదే నమోదయ్యాయి. మీ ఇంట్లో ఎవరైనా ఈ మందు వాడుతుంటే, చీటీ మీద 'వారానికి ఒకసారి' అని మాత్రమే కాక ఏ వారమో, ఉదాహరణకు 'సోమవారం' అని, డాక్టరు చేతనే రాయించండి. పెట్టె మీద కూడా అదే వారం పేరు రాసి పెట్టండి. ఇది అడిగితే ఏ డాక్టరూ నొచ్చుకోరు. నొచ్చుకున్నా సరే, అడగండి.

ప్రశ్న: జబ్బుల పేర్లు బట్టీ పట్టకుండా అర్థం చేసుకునే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం: కొంతవరకు ఉంది. చివర 'ఐటిస్' ఉంటే ఆ భాగానికి వాపు, 'ఎక్టమీ' ఉంటే కోసి తీసేయడం, 'ఆస్టమీ' ఉంటే బయటికి దారి చేయడం, 'ప్లాస్టీ' ఉంటే బాగుచేయడం, 'స్కోపీ' ఉంటే గొట్టం వంటి పరికరంతో లోపల చూడటం. మొదట 'హైపర్' ఎక్కువ, 'హైపో' తక్కువ. ఈ రెండూ ఫోన్‌లో చెప్పేటప్పుడు ఒకేలా వినిపిస్తాయి కనుక మళ్లీ అడిగి నిర్ధారించుకోవాలి. 'ఓమా' అంటే చాలాచోట్ల కంతి అని అర్థం, అన్నీ క్యాన్సర్లు కావు. కొవ్వు గడ్డ అయిన లైపోమా సాధారణంగా హాని చేయదు, హెమటోమా దెబ్బ తగిలిన చోట గడ్డకట్టిన రక్తం, గ్లాకోమా అయితే కంతే కాదు, కంటి నరం దెబ్బతినే జబ్బు. ఈ సూత్రాలు దారి చూపడానికి పనికొస్తాయి గాని, వీటితో రోగనిర్ధారణ చేసుకోలేం.

ప్రశ్న: నాకు ఐదో నెల. నా కార్డు మీద 'జి3 పి1 ఎల్1 ఎ1' అని, ఎల్.ఎం.పి., ఇ.డి.డి. అని తేదీలు ఉన్నాయి. ఇది నాకు రెండో కాన్పే కదా, మూడు ఎందుకు వేశారు?

సమాధానం: జి అంటే ఇప్పటిదాకా వచ్చిన గర్భాలు, ఇప్పటిదానితో సహా. పి అంటే కాన్పులు, ఎల్ అంటే ఇప్పుడు జీవించి ఉన్న పిల్లలు, ఎ అంటే నిలవకుండా పోయిన గర్భాలు. నిలవని గర్భం ఒకటి ఉన్నందువల్ల ఇది మూడో గర్భం అయింది. మీరన్నట్టు ఇది రెండో కాన్పే. డాక్టరుకు ఈ లెక్క సరిగా తెలియాలి కాబట్టి మొదటి నెలల్లో పోయినదైనా చెప్పకుండా ఉండకూడదు. ఆ విషయం ఇంట్లో కొందరికి తెలియకూడదనుకుంటే, కార్డు అందరి చేతుల్లోనూ పడుతుంది కాబట్టి, ముందే డాక్టరుకు ఒంటరిగా చెప్పండి.

ఎల్.ఎం.పి. అంటే చివరి నెలసరి మొదలైన రోజు. దానికి 280 రోజులు కలిపితే వచ్చేది ఇ.డి.డి., అంటే కాన్పు కావచ్చని అంచనా వేసిన తేదీ. నెలసరి క్రమంగా రానివారికి మొదటి మూడు నెలల్లో చేసిన స్కానింగ్‌ను బట్టి ఆ తేదీని సవరిస్తారు. అప్పుడు కార్డు మీద రెండు తేదీలు కనిపించవచ్చు. ఏది లెక్కలోకి తీసుకున్నారో అడిగి దాని చుట్టూ గీత గీయించుకోండి. 37 వారాలు నిండిన తర్వాత ఆ తేదీకి ముందు కాన్పు అయినా, తర్వాత కొద్ది రోజులకు అయినా అది నెలలు నిండిన కాన్పే.